దెందెరాలో హాథోర్ గుడికి గంట చాలదు

ఈజిప్టులోని లక్సర్‌లో ఉన్న నాలుగు రోజుల్లో దెందెరాకి రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి అబీడోస్ అనే ఇంకో పాత గుళ్ల ఊరితో కలిపిన ప్యాకేజీ. తిరుగుదారిలో హాథోర్ గుడి దగ్గర దింపి, గంటలో వచ్చేయమన్నారు. ముందు మండపం దాటకుండానే టైమైపోయింది. మనసొప్పక మర్నాడు టాక్సీ మాట్లాడుకున్నాం, సగం రోజుకి. లక్సర్‌కి ఉత్తరాన దాదాపు 60 కిలోమీటర్లు. అబీడోస్ కూడా గొప్పదే, కానీ రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దని నా మాట.

హాథోర్ పాత ఈజిప్టు వాళ్లకి ప్రేమకీ సంగీతానికీ దేవత. మండపంలో 24 స్తంభాలు, ఒక్కోదాని పైన నాలుగు వైపులా ఆమె ముఖమే. చాలా ముఖాల్ని తర్వాతి కాలంలో ఉలితో చెక్కి పాడుచేశారు. కళ్లూ ముక్కూ పోయినచోట కూడా ఆమెకుండే ఆవు చెవులు మిగిలాయి, చూస్తే గుండె కలుక్కుమంటుంది. స్తంభాన్ని కిందినుంచి పైదాకా చూడండి, అది సిస్ట్రం ఆకారం: ఆమె పూజలో గలగల ఊపే వాయిద్యం. గుడినే వాయిద్యాలతో నిలబెట్టారన్నమాట! పైకప్పు మసి తుడిచాక బయటపడ్డ నీలం రంగుని మెడ నొప్పెట్టేదాకా చూశాం.

కొత్త సంవత్సరం నాడు దేవి విగ్రహాన్ని ఎండ తగిలేలా మిద్దె మీదికి మోసుకెళ్లేవారు. మెట్ల పక్క గోడల మీద ఆ ఊరేగింపంతా చెక్కి ఉంది. మన ఉత్సవమూర్తుల సేవ గుర్తొచ్చింది. మిద్దె మీది గది పైకప్పున ఉన్న రాశిచక్రం మాత్రం నకలు. అసలుది 1821లో కోసి తీసుకెళ్లారు, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. నేలకింది గదులు ఇరుకు; మోకాళ్ల నొప్పులుంటే దిగకండి. తలుపు తీసినవాళ్లు బక్షీష్ అడుగుతారు, చిల్లర ఉంచుకోండి.

లక్సర్‌లో బస: మొదట నైలు నది తూర్పు ఒడ్డున పెద్ద హోటల్. లిఫ్టుంది, స్టేషన్ దగ్గర, కానీ రాత్రంతా హారన్లు. తర్వాత పడమటి ఒడ్డున ఓ కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌కి మారాం. పొద్దున్నే మిద్దె మీద రొట్టె, ఫూల్ (ఉడికించిన చిక్కుడు గింజల కూర), వేడి తామియా (ఆ గింజలతోనే చేసే వడలు). ఎదురుగా కొండల మీద బెలూన్లు. శాకాహారులకి ఇబ్బందే లేదు. పెద్దవాళ్లుంటే తూర్పు, లేకపోతే పడమర.

రెండోరోజు గుడి వెనక గోడ దాకా వెళ్లాం. నడిమధ్యన హాథోర్ ముఖం పెద్దగా చెక్కి ఉంది. లోపలికి ప్రవేశం లేని మామూలు జనం ఇక్కడే మొక్కుకునేవారట. మా ఆవిడ చెప్పులు విడిచి, చాలాసేపు అక్కడే నిలబడింది.