ఎన్‌పీటెల్ కోర్సులు చాలా సెమిస్టర్లుగా చేస్తున్నా, కొత్తగా చేరేవాళ్ల కోసం నా రివ్యూ

స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటెల్ వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో మొదలుపెట్టి ఇప్పుడు స్టాటిస్టిక్స్ దాకా వచ్చా. ఆఫీసులో జూనియర్లు, మా పిన్ని వాళ్ల అబ్బాయి, అందరూ అడిగేది ఒకటే, వీడియోలన్నీ యూట్యూబ్‌లో ఫ్రీగానే ఉన్నాయి కదా, మళ్లీ ఎన్‌రోల్ అవ్వడం, వెయ్యి రూపాయలు కట్టి ఎగ్జామ్ రాయడం దేనికి అని. సరైన ప్రశ్నే. వీడియోల కోసమే అయితే చేరక్కర్లేదు, వారం వారం అసైన్‌మెంట్‌కి గడువు ఉంటుంది చూడండి, దాని కోసం చేరాలి. ఉద్యోగం చేసి రాత్రి ఎనిమిదికి ఇంటికొచ్చి తిన్నాక లాప్‌టాప్ తెరవాలంటే ఏదో ఒకటి వెనకనుంచి తరమాలి, నన్నయితే ఆ గడువే తరిమింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎన్‌పీటెల్ అంటే ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం. స్వయం అనేది కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన పోర్టల్, ఇప్పుడు ఎన్‌పీటెల్ కోర్సుల్లో చేరేది అందులోనే. జనవరిలో ఒక బ్యాచ్, జూలైలో ఒక బ్యాచ్. కోర్సులు 4, 8, 12 వారాలవి ఉంటాయి. చేరడానికి రూపాయి కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే ఎగ్జామ్ ఫీజు, ఎస్సీ ఎస్టీ వాళ్లకి, దివ్యాంగులకి అందులో సగం.

చేరేటప్పుడు జనం తేలిగ్గా తీసుకునేది ఈమెయిల్. ఏ ఐడీతో లాగిన్ అయి ఎన్‌రోల్ అయ్యారో ఎగ్జామ్ ఫారం కూడా దాంతోనే నింపాలి, తర్వాత సర్టిఫికెట్ కూడా ఆ లాగిన్‌లోనే ఉంటుంది. కాలేజీ ఇచ్చిన మెయిల్ పాసయ్యాక తీసేస్తారు చాలా చోట్ల, అందుకని సొంత జీమెయిల్ మేలు, కానీ కాలేజీ డిగ్రీ లెక్కలో కలిసే క్రెడిట్ల కోసం చేసేవాళ్లు ముందు కాలేజీలో ఎన్‌పీటెల్ చూసే సార్‌ని, అదే స్పాక్ అంటారే, ఆయన్ని అడిగి చేరండి, కొన్ని కాలేజీలు వాళ్ల మెయిలే వాడమంటాయి. ప్రొఫైల్‌లో లోకల్ చాప్టర్ అని అడిగిన చోట మీ కాలేజీ పేరు పెట్టాలి. క్రెడిట్ల విషయానికొస్తే యూజీసీ 2021 రూల్స్ ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం కోర్సుల దాకా స్వయంలో చేసుకోవచ్చు, కానీ మీ కాలేజీ ఏ సబ్జెక్టుకి బదులు ఏది ఒప్పుకుంటుందో చేరకముందే తేల్చుకోవాలి, ఎగ్జామ్ అయ్యాక అడిగి లాభం లేదు.

ఇక ఏ కోర్సు. పైథాన్ కోసం అడిగేవాళ్లకి నేను రెండు పేర్లు చెప్తా. ఒకటి ఐఐటీ రోపర్ సుదర్శన్ అయ్యంగార్ గారి ‘ద జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్’, 12 వారాలు, అసలు ప్రోగ్రామింగ్ అంటే తెలియనివాళ్లు కూడా చేరొచ్చు. వైకుంఠపాళి, రాయి-కాగితం-కత్తెర, చివరికి మనం స్కూల్లో నోట్‌బుక్ వెనక పేజీల్లో పేర్లు రాసి కొట్టేసుకున్న ఫ్లేమ్స్ ఆట కూడా కోడ్ చేయిస్తారు, ఆ వారం నేను ఎంత ఇష్టంగా చేశానో చెప్పలేను. రెండోది చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ మాధవన్ ముకుంద్ గారిది, డేటా స్ట్రక్చర్స్, ఆల్గరిథమ్స్ పైథాన్‌లో, 8 వారాలు. ఇందులో మొదటి వారమే గ.సా.భా తో మొదలెడతారు, ముందు మామూలుగా అన్ని భాజకాలూ రాసుకుని వెతికే పద్ధతి, దాన్ని కొంచెం కొంచెం తగ్గించుకుంటూ చివరికి యూక్లిడ్ పద్ధతి దాకా తీసుకెళ్తారు, ఏడో తరగతిలో మనం చేసిన లెక్కే, కానీ ఒకే పని ఇన్ని రకాలుగా చేయొచ్చని, అందులో ఒకటి మిగతావాటికంటే ఎంతో వేగంగా నడుస్తుందని అప్పుడు అర్థమైంది నాకు. చాలా గొప్ప టీచింగ్. కాకపోతే అంతకుముందు ఏదో ఒక భాషలో కాస్త కోడ్ రాసినవాళ్లకే ఇది, లేకపోతే మూడో వారానికి ఊపిరాడదు.

ప్రోగ్రామింగ్ కోర్సులో చేరితే ఒక విషయం గుర్తుపెట్టుకోండి. కోడ్ రాసి పోర్టల్‌లో పెడితే టెస్ట్ కేసులు, అంటే ముందే సిద్ధం చేసిన ఇన్‌పుట్లు, ఇచ్చి కోడ్‌ని నడిపి చూస్తుంది. ఇన్‌పుట్ తీసుకునేటప్పుడు అలవాటుగా ‘ఎంటర్ ఎ నంబర్’ అని మెసేజ్ పెడతాం కదా, ఇక్కడ ఆ మెసేజ్ అవుట్‌పుట్‌లో కలిసిపోయి, లెక్క కరెక్టే అయినా ఫెయిల్ అంటుంది, కాబట్టి అడిగింది మాత్రమే ప్రింట్ చేయాలి, ఒక్క అక్షరం కూడా ఎక్కువ వద్దు. పైకి కనపడే టెస్ట్ కేసులు కాకుండా ప్రైవేట్ కేసులు వేరే ఉంటాయి, అందుకని సున్నా ఇస్తే ఏమవుతుంది, ఒకే సంఖ్య ఇస్తే ఏమవుతుంది అని మీరే చూసుకోవాలి. రన్ చేసి ఊరుకోకుండా సబ్మిట్ కూడా నొక్కాలి.

మామూలు క్విజ్ అసైన్‌మెంట్లు గడువు లోపల ఎన్నిసార్లైనా సబ్మిట్ చేయొచ్చు, ఆఖరిదే లెక్క. గడువు దాటితే మాత్రం అంతే, బతిమాలినా ఉండదు. 12 వారాల కోర్సులో బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్లు, 8 వారాల దాంట్లో 6 తీసుకుంటారు కాబట్టి ఒకటి రెండు వారాలు పెళ్లికో జ్వరానికో పోయినా కంగారు పడక్కర్లేదు, కానీ ఆ సడలింపు మొదట్లోనే వాడేసుకోవద్దు, మొదటి రెండు వారాలు పట్టుకున్నవాళ్లు దాదాపుగా చివరిదాకా వస్తారు, నా చుట్టుపక్కల నేను చూసింది ఇదే.

మార్కుల సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. మామూలుగా అసైన్‌మెంట్లకి 25, ఎగ్జామ్‌కి 75, ప్రోగ్రామింగ్ ఎగ్జామ్ విడిగా ఉన్న కోర్సుల్లో లెక్క వేరు, కోర్సు పేజీలో రాసుంటుంది. సర్టిఫికెట్ రావాలంటే 25కి కనీసం 10, 75కి కనీసం 30, రెండూ రావాలి. అసైన్‌మెంట్లలో 25కి 25 వచ్చి ఎగ్జామ్‌లో 28 వస్తే మొత్తం 53 ఉన్నా సర్టిఫికెట్ రాదు. టెలిగ్రామ్‌లో, యూట్యూబ్‌లో ప్రతి వారం ఆన్సర్లు పెట్టేస్తుంటారు, అవి చూసి టిక్కులు పెట్టేవాళ్లకి సరిగ్గా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఎగ్జామ్ సెంటర్‌కెళ్లి ఇన్విజిలేటర్ ముందు కూర్చుని రాయాలి. నాకైతే ఈ సర్టిఫికెట్‌కి విలువ ఉన్నదే అందుకు. మొత్తం 60 నుంచి సర్టిఫికెట్ మీద ఎలీట్ అని, 75 నుంచి సిల్వర్ అని, 90 నుంచి గోల్డ్ అని ఉంటుంది.

ఇంగ్లిష్ గురించి భయపడేవాళ్లకి, నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. మొదట్లో స్పీడ్ 0.75 పెట్టుకుని సబ్‌టైటిల్స్‌తో చూసేదాన్ని, తర్వాత అలవాటైపోయింది. చాలా కోర్సుల లెక్చర్లకి తెలుగులో ట్రాన్స్‌క్రిప్ట్ పీడీఎఫ్‌లు, అంటే చెప్పిన పాఠం రాతలో, కూడా ఉన్నాయి, ముందు అది ఒకసారి చదివి తర్వాత వీడియో చూస్తే బాగా ఎక్కుతుంది. అసైన్‌మెంట్, ఎగ్జామ్ మాత్రం చాలావరకు ఇంగ్లిష్‌లోనే కాబట్టి పూర్తిగా తెలుగు పీడీఎఫ్ మీదే ఆధారపడొద్దు.

ఎవరికి పనికిరాదంటే, రెండు నెలల్లో ఉద్యోగం కావాలి, ప్రాజెక్టులు చేయించాలి, రెజ్యూమె రాయించాలి అనుకునేవాళ్లకి. ఇక్కడ అలాంటివి ఉండవు, ఇది క్లాసు పాఠమే, బోర్డు మీద చెప్పినట్టే చెప్తారు. ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు ప్రోగ్రామింగ్ కాకుండా ఎకనామిక్స్‌లాంటిదో సాఫ్ట్ స్కిల్స్‌లాంటిదో తీసుకోవడం మంచిది, ఫోన్‌లో కోడ్ కొట్టడం చాలా కష్టం.

ఉద్యోగం చేస్తూ చేరేవాళ్లు ఒక బ్యాచ్‌కి ఒక్క కోర్సే పెట్టుకోండి, అది కూడా మొదటిసారి 4 లేదా 8 వారాలది. ఎగ్జామ్ ఫారం తెరవగానే నింపేయండి, ఊళ్లు ఎంచుకునేది అప్పుడే, ఆలస్యం చేస్తే మీ ఊరి సెంటర్ నిండిపోయి ఇంకో ఊరికి బస్సెక్కాల్సి రావచ్చు. ఫారంలో పేరు ఐడీ కార్డు మీద ఎలా ఉందో అచ్చం అలాగే రాయండి, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూసుకోండి, సర్టిఫికెట్ మీద పడేది అదే.