పాత ఇనుప సామాన్ల దుకాణం: ఊళ్లో మడిగెనా, ఊరవతల జాగానా, ఇండస్ట్రియల్ ఎస్టేట్ ప్లాటా – ఏది మేలు?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో తుక్కు దుకాణం పెడదామనుకునేవాళ్లు మొట్టమొదట కిరాయి ఎంతని అడుగుతారు. అది తర్వాతి సంగతి. ఏం కొంటారు, కొన్నదాన్ని అక్కడే ఏం చేస్తారు అన్నదాన్నిబట్టి జాగా ఎంచుకోవాలి. కొని, ఏరి, అమ్మడం ఒక పని. గ్యాస్ కటింగ్‌తో ముక్కలు చేయడం ఇంకో పని. బండ్లు విప్పడం, బ్యాటరీలు కొనడం పూర్తిగా వేరే పని. మున్సిపాలిటీ అయినా, పంచాయతీ అయినా, కాలుష్య నియంత్రణ మండలి అయినా బోర్డు మీది పేరు చూసి ఊరుకోవు, లోపల ఏం జరుగుతుందో చూస్తాయి.

ఊరి నడుమ 10×20 అడుగుల మడిగెకు (షట్టర్ గదికి) ఒకటే లాభం, కానీ అది పెద్ద లాభం: సరుకు దుకాణం దాకా వస్తుంది. మైకు పెట్టుకుని తిరిగే ఆటోవాళ్లు, అట్టలు, సీసాలు ఏరుకొచ్చేవాళ్లు, మెకానిక్ షెడ్డు కుర్రాళ్లు సామాను పట్టుకుని ఊరు దాటి రారు. దగ్గరలో ఎవరి కాంటా ఉంటే అక్కడే దించుతారు.

అయితే లెక్క వేసి చూడండి. 200 చదరపు అడుగుల్లో కాంటాకు, నడకకు సగం పోతుంది. మిగిలిన సగంలో ఐదడుగుల ఎత్తు పేర్చితే 500 ఘనపుటడుగులు, అంటే సుమారు 14 ఘనపు మీటర్లు. రేకులు, పాత గ్రిల్లులు, డబ్బాలు కలిసిన విడి తుక్కు ఘనపు మీటరుకు 300 నుంచి 500 కిలోలు తూగుతుంది. మడిగె నిండా నింపినా 4 నుంచి 7 టన్నులే. ఆరు చక్రాల లారీకి 9, 10 టన్నులు పడుతుంది. అంటే ఒక్క లారీ లోడు కూడా జమ కాదు. డీసీఎంలో, అంటే చిన్న లారీలో పంపాలి, టన్నుకు కిరాయి ఎక్కువ పడుతుంది. పైగా పగటిపూట గల్లీలోకి పెద్ద బండి రాదు.

పట్టణంలో తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 కింద ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి, ఏటా రెన్యువల్ చేసుకోవాలి. షాపు చదరపు అడుగులు, ముందున్న రోడ్డు వెడల్పు చూసి ఫీజు లెక్క కడతారు. లైసెన్స్ రావడం పెద్ద కష్టమేం కాదు, దాన్ని కాపాడుకోవడమే కష్టం. సామాను షట్టర్ దాటి మోరీ మీదికి, అక్కడినుంచి రోడ్డు మీదికి పాకుతుంది. మోరీ నిండిన రోజున పక్కింటాయన ఫిర్యాదు పెడతాడు. రెండోది టైర్లు. వానాకాలంలో టైరులో నిలిచిన నీళ్లలో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. డెంగీ కేసు వస్తే శానిటరీ ఇన్‌స్పెక్టర్ ముందు మీ దుకాణానికే వస్తాడు. టైర్లు కప్పు కింద పెట్టలేకపోతే కొనకండి.

మూడోది కేబుల్ కాల్చడం. ఇది తప్పే కాదు, తెలివితక్కువ కూడా. పీవీసీ పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లు ఉంటాయి. చెత్తను బయట కాల్చితే 5,000, పెద్ద మొత్తమైతే 25,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. పోనీ డబ్బైనా మిగులుతుందా అంటే అదీ లేదు. కాల్చిన రాగి నల్లబడుతుంది, కొనేవాడు మెరుగు రాగి ధర ఇవ్వడు. చేత్తో తిప్పే కేబుల్ వలిచే మెషిన్ ఒకటి ఉంటే ఆ తేడాలోనే దాని ఖర్చు తిరిగొస్తుంది.

ఊరవతల పంచాయతీ జాగా మాట వేరు. ఐదు గుంటలంటే 605 గజాలు. లారీ లోపలికొచ్చి తిరిగి బయటికి పోవచ్చు, కటింగ్ పెట్టుకోవచ్చు, ధర పడిపోతే నెల రోజులు సరుకు ఆపుకోవచ్చు. మహబూబ్‌నగర్ వైపు నుంచి షాద్‌నగర్, కొత్తూరు ఉక్కు కొలిములకు లోడు 44వ నంబరు హైవే మీద పోతుంది. నల్లగొండ వాళ్లు నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే ఎక్కితే చాలు.

కానీ జాగా చౌకగా వచ్చిందంటే ఎందుకు చౌకో ముందు కనుక్కోవాలి. వ్యవసాయ భూమి అయితే నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చడం) జరగాలి, అది పట్టాదారు పేరు మీదే జరుగుతుంది. కిరాయిదారు చేతిలో ఉండే పని కాదు. ఎండాకాలంలో ఎండి చదునుగా కనిపించే కుంట అంచు శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి కావచ్చు. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) గీత లోపల షెడ్డు వేస్తే వానలకు సరుకు మునుగుతుంది, ఆ తర్వాత నోటీసూ వస్తుంది. హైవే పక్కనైతే గేటు ముందు దారి కోసం హైవే వాళ్ల అనుమతి వేరుగా కావాలి. పంచాయతీ లైసెన్స్ 2018 పంచాయతీరాజ్ చట్టం కింద వస్తుంది. చట్టం ప్రమాదకరమైన, జనానికి ఇబ్బంది కలిగించే వ్యాపారాలను ప్రత్యేకంగా చూస్తుంది కాబట్టి ‘జనరల్ స్టోర్’ అని రాయించుకుని తుక్కు నడిపితే ఆ కాగితం పనికిరాదు. ఇంకో సంగతి: పట్టణం పెరిగితే పంచాయతీ అందులో కలిసిపోతుంది. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది. ఊరి శివారులో ఇవాళ సర్పంచ్ దగ్గరున్న ఫైలు రేపు కమిషనర్ టేబుల్ మీదికి చేరవచ్చు.

జాగా దొరికాక ఖర్చు పెట్టాల్సింది ప్రహరీ కంటే ముందు గచ్చు మీద. నూనె కారే సామాను దించే చోట కనీసం 20×20 అడుగుల సిమెంటు గచ్చు, చుట్టూ నాలుగంగుళాల గట్టు, మూలకు వాలు, అక్కడో చిన్న గుంత ఉండాలి. ఇంజన్ ఆయిల్ 200 లీటర్ల డ్రమ్ములో మూతపెట్టి ఉంచి, అధికారికంగా అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు. సెంట్రింగ్ పలకలకు పూసుకుంటామని అడిగేవాళ్లకు అమ్మేయడం అందరూ చేసేదే, కానీ తనిఖీలో ఆ లెక్క అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. మట్టిలోకి ఇంకిన నూనె పక్క రైతు బోరు దాకా పోతే ఊరంతా ఎదురు తిరుగుతుంది. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు గడిపిన నల్లగొండ లాంటి జిల్లాలో నీళ్ల మాట వస్తే ఎవరూ తేలిగ్గా వదలరు.

కటింగ్ దగ్గర రెండు మూడు సంగతులు. లైసెన్స్ లేకుండా ఒకచోట 100 కిలోల ఎల్పీజీ మించకూడదు, అంటే 19 కిలోల సిలిండర్లు ఐదు. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ ఈ పనికి వాడటం నేరం. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కు నూనె చేతులు, గ్రీజు గుడ్డ తగలనివ్వకండి, ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌తో నూనె దానంతట అదే అంటుకుంటుంది. మూత బిగిసిన డ్రమ్ము, పెట్రోల్ ట్యాంకు, షాకబ్జార్ నేరుగా కట్ చేస్తే పేలతాయి. డ్రమ్ముకు, ట్యాంకుకు మూత తీసి నీళ్లు నింపాకే మంట పెట్టాలి. షాకబ్జార్‌కు ముందు రంధ్రం వేసి నూనె, ఒత్తిడి దించాలి. తుక్కు యార్డుల్లో ఇలాంటి చోట ప్రాణాలు పోతాయి.

ఇండస్ట్రియల్ ఎస్టేట్ ప్లాటు గురించి పెద్దగా చెప్పడానికి లేదు, అది చాలామందికి అక్కర్లేనిది. రోడ్డు, కరెంటు, జోనింగ్ (ఏ జాగాలో ఏ పని చేయొచ్చన్న) గొడవ ఉండవు. పరిశ్రమల అనుమతుల కోసం రాష్ట్రం పెట్టిన టీజీ-ఐపాస్ కింద అనుమతులన్నీ ఒకేచోట అడగవచ్చు. కాకపోతే ముందే పెద్ద పెట్టుబడి కావాలి, ఏ పనికి ప్లాటు ఇచ్చారో ఆ పనే, గడువులోపే మొదలుపెట్టాలి. ఉత్త కొనుగోలు, అమ్మకానికి ఇంత దండగ. బండ్లు విప్పాలనుకుంటే మాత్రం సంగతి వేరు. 2021 సెప్టెంబరులో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం వాహనాలను తుక్కు చేయాల్సింది నమోదైన స్క్రాపింగ్ కేంద్రమే. బండి అప్పగించినట్టు యజమానికి ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ అక్కడే వస్తుంది. దానిపైన 2025 ఏప్రిల్ 1 నుంచి జీవితకాలం ముగిసిన వాహనాల పర్యావరణ నియమాలు కూడా అమల్లోకి వచ్చాయి. మామూలు దుకాణంలో ఆర్సీ రద్దు కాని స్కూటర్ విప్పితే, ఛాసిస్ నంబరున్న ముక్క ఒక్కటి చాలు, దొంగబండి కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. బ్యాటరీలకు 2022 నియమాలు ఉన్నాయి. ముఖ్యంగా యాసిడ్ పారబోసి ఎండు బ్యాటరీ తెచ్చేవాడిని ప్రోత్సహించకండి, ఆ యాసిడ్ ఏదో మోరీలోకి పోయినట్టే.

మూడింట్లో ఎక్కడున్నా తప్పని కాగితాలు కొన్ని ఉన్నాయి. బావుల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి ఎత్తుకుపోవడం ఈ జిల్లాల రైతులకు పాత బాధ. కాగితం చుట్టి, నూనె వాసన కొట్టే రాగి పట్టీలు వస్తే అవి ఎక్కడివో అడగక్కర్లేదు. అలాంటి సామాను తెలిసి కొంటే విద్యుత్ చట్టం 137వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, మామూలు దొంగసొమ్ముకు భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్. రైలు పట్టాల సామానుకు 1966 నాటి చట్టం వేరే ఉంది. కొనుగోలు రిజిస్టరులో తేదీ, అమ్మినవాడి పేరు, ఫోను, గుర్తింపు కార్డు కాపీ, బండి నంబరు, బరువు, సామాను ఫొటో ఉంచండి. డబ్బు ఫోన్‌పేలో పంపితే అదే సాక్ష్యం. మోటార్లు, కేబుళ్లు వారం రోజులు విప్పకుండా పక్కన పెడితే మంచిది, పోలీసులొచ్చి అడిగినప్పుడు వస్తువు చూపించగలిగినవాడు సాక్షి అవుతాడు, చూపించలేనివాడు ముద్దాయి అవుతాడు. కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి.

జీఎస్టీ దగ్గర చాలామంది పొరపడేది ఇక్కడే. సరుకుల వ్యాపారానికి తెలంగాణలో రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే ఏడాది అమ్మకాల పరిమితి 20 లక్షలు, 40 లక్షలు కాదు. ఇనుము కిలో 30 రూపాయలనుకుంటే ఏడాదికి 67 టన్నులు, నెలకు అయిదున్నర టన్నులు అమ్మేసరికి దాటిపోతుంది. అంటే ఒక్క మడిగె నిండుగా నడిచినా చాలు. 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర లోహపు తుక్కు కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే 18 శాతం పన్ను కట్టాలి. తర్వాత క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, కానీ ఆ డబ్బు ముందు చేతిలో ఉండాలి.

ఇక ఏది మేలు? నెలకు అయిదారు టన్నుల లోపు, కాగితం, అట్ట, ప్లాస్టిక్, చిన్న ఇనుముతో మొదలుపెట్టేవాళ్లకు ఊళ్లో మడిగే. టైర్లు, బ్యాటరీలు, కటింగ్ దాని దగ్గరికి రానివ్వొద్దు. నెలకు రెండు లారీల సరుకు నిలకడగా దొరుకుతుందని తేలాక ఊరవతల ఐదు గుంటలు తీసుకోవాలి, కానీ మడిగె మూసేయకూడదు, యార్డుకు సరుకు పట్టేది అదే. చాలామంది పెద్ద యార్డు తీసుకున్నాక మడిగె వదిలేస్తారు, ఆరు నెలల్లో ఆటోవాళ్లంతా వేరే కాంటాకు మళ్లుతారు. రెండు చోట్లా ఉన్నప్పుడు రెండు లైసెన్సులు కావాలి, జీఎస్టీలో రెండో చోటును అదనపు వ్యాపార స్థలంగా చేర్చాలి. మడిగె నుంచి యార్డుకు పంపేటప్పుడు డెలివరీ చలాన్ చాలు, విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే కాగితం) కూడా.

యార్డు కిరాయి పత్రం 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అందుకే అందరూ అదే రాస్తారు. గచ్చు, షెడ్డు, బోరు మీద మీరు డబ్బు పెట్టబోతుంటే అది సరిపోదు. కనీసం ఐదేళ్లకు రాసుకుని సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి, నాలా మార్పిడి యజమానే ఫలానా తేదీలోపు చేయిస్తాడని, చేయించకపోతే అడ్వాన్సు తిరిగి ఇస్తాడని అందులోనే రాయించండి.