ప్యాటర్న్ రూల్‌లో ఆ నిలువు గీత

సోర్సు ఒక డైరెక్టరీలో, దాన్ని కంపైల్ చేస్తే వచ్చే ఆబ్జెక్టు ఫైళ్లు మరో డైరెక్టరీలో ఉండేలా, మారిన ఫైళ్లనే మళ్లీ కంపైల్ చేయించే జీఎన్‌యూ మేక్ అనే సాధనంలో ప్యాటర్న్ రూళ్లు (ఒకే నమూనాతో చాలా ఫైళ్లకు వర్తించే నియమాలు) రాయడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. అందులో ఏ ఫైలు పేరుకైనా సరిపోయే శాతం గుర్తును (%) అందరూ మెచ్చుకుంటారు; నేను మనసారా మెచ్చుకునేది మాత్రం డిపెండెన్సీల (ఒక ఫైలు తయారీకి ముందు కావలసినవాటి) వరుసలో వచ్చే నిలువు గీతను (|).

అనంతపురంలో బిందుసేద్యం మోటార్లకు కంట్రోలర్ బోర్డులు తయారుచేసే చిన్న బృందం మాది. ఒకే సి సోర్సును బోర్డులోని ఆర్మ్ చిప్ కోసం ఒకసారి, ల్యాప్‌టాప్‌లో పరీక్షల కోసం ఇంకోసారి కంపైల్ చేస్తాం కనుక, ఆ రెండు రకాల ఆబ్జెక్టు ఫైళ్లు కలిసిపోతే వాటిని ఒక్క ప్రోగ్రాముగా కూర్చే లింకర్ ఒప్పుకోదు. వేర్వేరు డైరెక్టరీలు మాకు తప్పనిసరి.

మా చేతికి వచ్చిన, ఈ రూళ్లు రాసివున్న పాత మేక్‌ఫైల్‌లో "బిల్డ్/%.ఓ: సోర్స్/%.సి బిల్డ్" అని, డైరెక్టరీ కూడా మామూలు డిపెండెన్సీగానే ఉండేది. చూడటానికి సబబుగానే ఉంటుంది, ఎందుకంటే డైరెక్టరీ లేనిదే ఫైలు పుట్టదు. కానీ లోపల ఒక ఫైలు కొత్తగా చేరినా, ఒకటి తొలగినా డైరెక్టరీ సవరణ సమయం మారిపోతుంది. అందువల్ల ముందు తయారైన ఆబ్జెక్టు ఫైళ్లన్నీ తమ డైరెక్టరీకన్నా పాతవైపోతాయి, డిపెండెన్సీకన్నా పాతవి కనుక మేక్ వాటిని మళ్లీ కంపైల్ చేస్తుంది, ఆ పనిలో డైరెక్టరీ సమయం మళ్లీ ముందుకు జరుగుతుంది. ఒక్క అక్షరం మార్చకపోయినా ప్రతిసారీ దాదాపు మొత్తం ప్రాజెక్టు తిరిగి కంపైల్ అవుతుంటే, గడియారం తేడా ఏమోనని, కంపైలర్ దోషమేమోనని మేమంతా చాలా వెతికాం. చివరికి డైరెక్టరీ పేరుకు ముందు ఒక నిలువు గీత పెట్టగానే అంతా కుదుటపడింది. ఆ గీత తర్వాత ఉన్నవి ముందే ఉండాలి తప్ప వాటి సమయాన్ని పోల్చనక్కర్లేదని మేక్‌కు అర్థం. 2002 నాటి 3.80 వెర్షన్ నుంచీ ఉన్న ఈ సౌకర్యం మాకు ఎంత ఆలస్యంగా తెలిసిందో!

అయితే సోర్సులో సెన్సర్లకు, రేడియోకు ఉప డైరెక్టరీలు వచ్చాక ఈ గీత ఒక్కటే చాలలేదు. శాతం గుర్తు "రేడియో/ప్యాకెట్" వంటి పేరును స్లాష్‌తో సహా పట్టుకుంటుంది గానీ, బిల్డ్ కింద రేడియో డైరెక్టరీని ఎవరూ సృష్టించరు. డాలర్ గుర్తుతో రాసే ఆటోమేటిక్ వేరియబుల్స్ (ప్రస్తుత ఫైలు పేరు వంటివాటిని మేక్ తానే నింపే చోట్లు) డిపెండెన్సీ వరుసలో నేరుగా పనిచేయవు కనుక, కంపైల్ ఆదేశానికి ముందు, లేని డైరెక్టరీలను సృష్టించే "ఎంకేడిర్ -పి" ఆదేశం చేర్చాము. దానితో ఆ ప్రాజెక్టులో గీత అవసరమే తీరిపోయింది. సోర్సు ఫైలు పేరు తప్పినప్పుడు మేక్ ఆ ఫైలు లేదని చెప్పకుండా, ఆబ్జెక్టు ఫైలును తయారుచేసే రూలు లేదని చెప్పడం నన్ను ఇప్పటికీ విసిగిస్తుంది.

మావి చిన్న ప్రాజెక్టులు, ఉన్నది సి భాష, పనంతా లినక్స్‌పైనే. కాబట్టి ఈ పద్ధతి మాకు హాయిగా సరిపోతోంది. విండోస్‌లోనూ అదే మేక్‌ఫైల్ నడవాల్సినవారికి, జీఎన్‌యూది కాని మేక్ వాడేవారికి నేను ఇంత ధీమాగా చెప్పలేను.