జర్మన్ మెడికల్ పదాల కార్డుల పెట్టె: ఆరు నెలలు వాడాక

గుండె ఐసీయూలో తొమ్మిదేళ్లు పనిచేసి జర్మనీకి నర్సుగా వచ్చాను. భాష పరీక్ష పాసయ్యాను కదా అని ధైర్యంగానే ఉన్నాను. తీరా నన్ను వేసింది న్యూరో వార్డులో. మొదటి వారం, డ్యూటీ మారేటప్పుడు 'డీ వెంట్రీకెల్ జిండ్ ఎర్‌వైటర్ట్' అని చెప్పారు, అంటే లోపలి గదులు పెద్దవయ్యాయని. గుండె పెద్దదైందనుకుని నా చీటీలో 'ఎకో ఎప్పుడు?' అని రాసుకున్నాను. వెళ్లి చూస్తే ఆ పేషెంటు తలలోంచి సన్నటి ట్యూబు బయటికి వచ్చి ఉంది. వాళ్లు చెప్పింది మెదడు గురించి! ఆ సాయంత్రమే ఈ పెట్టె ఆర్డర్ పెట్టాను.

వెంట్రీకెల్ కార్డు చాలా బాగా చేశారు. వెనకవైపు రెండు బొమ్మలు. గుండెలో కింది గదులు రెండు, మెదడులో నీరుండే గదులు నాలుగు: పక్కల రెండు, నడుమ మూడోది, దాని కింద నాలుగోది. బహువచనంలో మాట మారదు, ముందున్న 'డేర్' పోయి 'డీ' వస్తుందంతే. ఆ చిన్న ముక్క చెవిన పడకపోతే ఒకటో నాలుగో తెలియదు. లాటిన్‌లో ఈ మాటకు 'చిన్న పొట్ట' అని అర్థం. మన స్కూలు పుస్తకంలోని జఠరిక కూడా జఠరం నుంచి వచ్చిందే కదా! అది తట్టాక ఇక మర్చిపోలేదు.

గుండె విషయంలో మామూలుగా 'కమ్మర్' అంటారు, అంటే గది. పై భాగం 'ఫోర్‌హోఫ్', అంటే ముంగిలి. 'ఫ్లిమ్మర్న్' అంటే లయ తప్పి అదరడం. ఫోర్‌హోఫ్‌ఫ్లిమ్మర్న్ ఉన్న పేషెంటు మనతో కబుర్లు చెబుతూ కూర్చోవచ్చు. కమ్మర్‌ఫ్లిమ్మర్న్ అంటే మనిషి కుప్పకూలినట్టే, వెంటనే సీపీఆర్, షాక్. ఈ రెండు కార్డులనూ పక్కపక్కనే పెట్టినవాళ్లకు నిజంగా దండం పెట్టాలి.

నాకు నచ్చనిది వెంట్రీకెల్ డ్రెయిన్, అంటే మెదడులోని నీరు బయటికి తీసే ఆ ట్యూబు కార్డు. ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. మంచం ఎత్తు మార్చే ముందు ట్యూబు మూయాలి, తర్వాత డ్రెయిన్ మీది సున్నా గీతను మళ్లీ చెవి ఎత్తుకు సరిచేసి తెరవాలి. తల పైకి లేచి డ్రెయిన్ కిందే ఉండిపోతే మెదడులోని నీరు ఎక్కువగా కారిపోతుంది. రోజూ చేసే ఈ పనికి కావలసిన మాటలు ఒక్కటీ లేవు. ఆడియో కూడా మరీ నిదానం, వార్డులో అలా ఎవరూ మాట్లాడరు. కార్డుల అంచులు రెండు నెలలకే మడతపడ్డాయి.

గుండె వార్డుకు వెళ్లేవాళ్లకు ఈ పెట్టె చాలు. న్యూరోకైతే డ్రెయిన్ మాటలను మాత్రం మీ వార్డు సీనియర్‌తో విడిగా రాయించుకోండి. నేనూ అలాగే నాలుగు ఖాళీ కార్డులు రాసి ఇందులోనే పెట్టుకున్నాను.