నా దుమ్ము డ్రమ్ము: మూడేళ్ల వాడకం తర్వాత

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో సెలవు రోజుల్లో వడ్రంగం పని చేసుకుంటాను. పీటలు, పుస్తకాల అరలు, పిల్లల చదువు బల్లలు చేస్తుంటాను. అమ్మకు ఆయాసం. నేను టేకు చెక్క కోసిన రోజు సన్నటి దుమ్ము వంటింటి దాకా వచ్చేది, ఆ రాత్రంతా ఆమె దగ్గుతూనే ఉండేది. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రచురించిందని చదివాక, దుమ్ము పట్టే ఏర్పాటును ఇక వాయిదా వేయకూడదనుకున్నాను.

వాక్యూమ్ క్లీనర్ ఒక్కటే పెడితే అరగంటకే ఫిల్టర్ పూడుకుపోతుంది. అందుకే కోత మిషనుకూ వాక్యూమ్‌కూ మధ్య సైక్లోన్ అనే గరాటు పెడతారు. ఆ గరాటులో గాలి గిర్రున తిరిగి, బరువైన పొట్టు గోడకు కొట్టుకుని కింద డబ్బాలో పడుతుంది. నేను ముందు 20 లీటర్ల పెయింటు బకెట్ మీద బిగించాను. పైపులో ఒక చెక్కముక్క అడ్డుపడగానే బకెట్ చప్పున లోపలికి నొక్కుకుపోయింది. మామూలు వర్క్‌షాప్ వాక్యూమ్ దాదాపు 20 కిలోపాస్కళ్ల దాకా లాగగలదు. లెక్క వేస్తే 36 సెంటీమీటర్ల మూత మీద 200 కిలోల బరువు కూర్చున్నట్టే.

రెండోసారి పాత సామాన్ల కొట్లో 50 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కొన్నాను. గోడ మందంగా ఉంది, మూత చుట్టూ లివరుతో బిగించే ఇనప రింగు ఉంది. ఇలాంటివి కొనేటప్పుడు అంతకుముందు అందులో ఏం పోశారో తప్పక అడగండి. ఏదో రసాయనం అని మాట దాటేస్తే వద్దు.

డ్రమ్ము గట్టిదైనా ఫిల్టర్ మాత్రం ఎప్పటిలాగే నిండుతోంది. తప్పు సైక్లోన్‌దే అనుకుని నెల రోజులు దాని చుట్టూనే తిరిగాను. అసలు సంగతి మూత దగ్గర ఉంది. సన్నటి సందులోంచి బయటి గాలి డ్రమ్ములోకి దూరి, గరాటు మూతిలోంచి పైకి ఎగదన్నుతుంది. కిందికి పడాల్సిన పొట్టును మళ్లీ ఎత్తుకుని నేరుగా ఫిల్టర్‌కు చేరుస్తుంది. ఇది పట్టుకున్నది అగరుబత్తితో. వాక్యూమ్ ఆన్ చేసి మూత చుట్టూ, బోల్టుల దగ్గర, పైపు అతుకుల దగ్గర మెల్లగా తిప్పాను. పొగ ఎక్కడ లోపలికి వంగితే అక్కడ సందు ఉన్నట్టు. నాకు నాలుగు చోట్ల దొరికింది. ఒక్క విషయం, ఈ పరీక్ష డ్రమ్ము ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి. పొట్టు ఉండగా నిప్పు దగ్గరికి తేకూడదు.

సైక్లోన్ అడుగున మొదట సిలికాన్ పూశాను. ఆర్నెల్లకు పొరలా ఊడి చేతికొచ్చింది. ఈ రకం డ్రమ్ము ప్లాస్టిక్‌కు సిలికాన్ సరిగా అంటుకోదు. అప్పుడు మూత లోపలి వైపు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రింగు పెట్టి, మధ్యలో పాత లారీ ట్యూబు ముక్క కత్తిరించి వేసి, ఆరు బోల్టులతో బిగించాను. రెండేళ్లుగా కదల్లేదు. మూత అంచుకు ఫోమ్ టేపు కూడా వాడి చూశాను. మే నెల ఎండకు జిగురు కారిపోయింది, ఫోమ్ అణిగి మళ్లీ లేవలేదు. రబ్బరుకే నా ఓటు.

ఇప్పుడు ఫిల్టర్ మూడు నాలుగు నెలలకోసారి దులిపితే చాలు. డ్రమ్ము మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చేస్తాను. అంతకు మించితే గాలి సుడి పైపొట్టును లేపేస్తుంది. లోపల ప్లాస్టిక్ సంచి వేయకండి, వాక్యూమ్ దాన్ని పైకి లాగి గరాటు మూతికి అడ్డం పెడుతుంది. వానాకాలంలో పొట్టును ఒక్క వారం కూడా ఉంచను, చెమ్మ పట్టి బూజు వాసన వస్తుంది.

లోటు లేదని చెప్పను. చెక్కను నునుపు చేసే శాండింగ్ మిషన్ నుంచి వచ్చే మరీ సన్నటి పొడిని సైక్లోన్ పూర్తిగా పట్టలేదు. అది ఫిల్టర్ దాకా వెళ్తుంది, కొంత గాల్లోనే ఉంటుంది. అందుకే ఎన్95 మాస్కు ఇప్పటికీ తీయను, పని అయ్యాక గంటసేపు షెడ్డు తలుపులు తెరిచే ఉంచుతాను. ఇనుము గ్రైండ్ చేసిన నిప్పురవ్వలను ఈ పైపులోకి ఎప్పుడూ పోనివ్వను.

అన్నీ కలిపి, వాక్యూమ్ కాకుండా, నాకు రెండున్నర వేల లోపే అయింది. పోయిన దీపావళికి ముందు రెండు రోజులు వరసగా టేకు కోశాను. వంటింటి గట్టు మీద అమ్మ వేలితో రాసి చూసుకుంది. దుమ్ము అంటలేదు.