ఇంట్లో జపాన్ తరహా కత్తి, చెక్క ఒర: ఏ ఉక్కు మేలు, ఏ ఒర మేలు?

జపాన్ వంట కత్తి కొనేవాళ్లకు ఇచ్చే సలహాలే ఇంట్లో తయారు చేసుకునేవాళ్లకూ ఇచ్చేస్తుంటారు. అక్కడే తేడా కొడుతుంది. వాడకానికి గొప్పదైన ఉక్కు ఇంటి కొలిమిలో మొండికేయవచ్చు.

సుత్తి, దాకలి మొదటి కత్తికి అక్కర్లేదు. జపాన్‌లో కత్తులకు పేరున్న సకాయ్ ఊరి కమ్మరులు మెత్తటి ఇనుముకు గట్టి ఉక్కును కాల్చి అతికించి సాగగొడతారు. ఆ అతుకు కుదరాలంటే ఏళ్ల చేతివాటం కావాలి. రెండు, మూడు మిల్లీమీటర్ల మందం ఉక్కు పట్టీ తెచ్చి, ఆకారం కోసి, ఆకురాయితో వాలు తీసుకుంటే చాలు. ఒకవైపే వాలుండే చేపల కత్తులు యనగిబా, దేబా జోలికి కూడా పోవద్దంటాను. వాటి వెనకవైపు సన్నగా లోతు తీయాలి, దానికి పెద్ద సానచక్రం ఉండాలి. రెండు వైపులా వాలుండే పెట్టీ అనే చిన్న కత్తి గానీ, అన్ని వంట పనులకూ పనికొచ్చే 165 మిల్లీమీటర్ల సాంతొకు గానీ ఎంచుకోండి.

ఇక ఉక్కు. జపాన్‌లోని యాసుగి నుంచి వచ్చే, చుట్టే కాగితం రంగును బట్టి తెల్లకాగితం, నీలికాగితం అని పిలిచే ఉక్కులదే పేరు. తెల్ల రెండో నంబరులో కర్బనం సుమారు 1.1 శాతం, వేరే లోహాలు దాదాపు లేనట్టే. అందుకే సానరాయి మీద ఇట్టే లొంగుతుంది, వెంట్రుకను తెంపే పదునొస్తుంది. నీలి రెండో నంబరులో కర్బనం అంతే, దానికి తోడు 1 నుంచి 1.5 శాతం టంగ్‌స్టన్, కాస్త క్రోమియం ఉంటాయి. పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, సాన పట్టడానికి మాత్రం కొంచెం ఓపిక కావాలి.

కొనేవాళ్లకైతే తెల్లదే చెబుతాను. చేసుకునేవాళ్లకు నా ఓటు నీలికే. తెల్ల ఉక్కు గట్టిపడాలంటే ఎర్రగా కాలిన కత్తి అలుగు క్షణంలో చల్లారాలి. నీళ్లలో ముంచితే పల్చటి అలుగు టిక్కుమని పగిలే ప్రమాదం ఉంది, మామూలు నూనెలో ముంచితే అక్కడక్కడా మెత్తగా మిగిలిపోవచ్చు. నీలి ఉక్కు నూనెలో నిదానంగా చల్లారినా గట్టిపడుతుంది.

ఈ పని సందెచీకట్లో చేయండి, ఎండలో కాలిన రంగు తెలియదు. అలుగును కాల్చుతూ మధ్యమధ్యలో అయస్కాంతం ఆనించి చూడండి. 770 డిగ్రీల దగ్గర అది అంటుకోవడం మానేస్తుంది. ఇంకొంచెం కాల్చి, రంగు అలుగంతా ఒకేలా ఉన్నప్పుడు, గోరువెచ్చని నూనెలో మొనను కిందకి పెట్టి నిలువుగా దించండి. పక్కకు ఊపితే వంకర పోతుంది. చల్లారాక అంచు మీద ఆకురాయి రుద్దితే కొరకకుండా గాజు మీదలా జారాలి. జారిందంటే గట్టిపడినట్టే, కానీ అప్పుడది కింద పడితే విరిగేంత పెళుసు. వెంటనే 180–200 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచి ఆ పెళుసుతనం తగ్గించాలి.

తుప్పు బాధ లేని వీజీ-10 అనే స్టెయిన్‌లెస్ ఉక్కు మీద మనసు పోవడం సహజం. అది వెయ్యి డిగ్రీలు దాటిన వేడిని నిలకడగా అడుగుతుంది. బొగ్గుల కొలిమిలో కుదరదు, బయట హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్లకు పంపాల్సిందే. మన కమ్మరులు వాడే లారీ కమాను పట్టీలో కర్బనం సుమారు 0.6 శాతం. నరికే కత్తికి దాన్ని మించింది లేదు, దెబ్బకు తట్టుకుంటుంది. ఉల్లిపాయను కాగితంలా తరిగే సన్నటి అంచు మాత్రం అందులో ఎక్కువ రోజులు నిలవదు.

ఒరకు రెండు దారులు. మూడు పలకల పద్ధతిలో మధ్య పలకను అలుగు ఆకారంలో కోసి, అటూ ఇటూ రెండు పలకలు అతికిస్తారు. ఒక పూటలో అయిపోతుంది, కానీ అలుగు వెన్ను దగ్గర మందం, అంచు దగ్గర పల్చన కాబట్టి లోపల గలగలాడుతుంది. రెండో దారి, చెక్కను రెండుగా చీల్చి ఉలితో తొలవడం. నిదానమైన పనే అయినా నాకు ఇదే ఇష్టం. అలుగుకు నూనెలో కలిపిన కాటుక పల్చగా రాసి చెక్కలో నొక్కండి. నల్లమచ్చ పడిన చోటే సన్నగా గీకి, మళ్లీ నొక్కి చూడండి. వెన్ను, పక్కలు ఆనాలి, అంచు మాత్రం చెక్కను తాకకూడదు.

జపాన్‌లో దీనికి హోనొకి చెక్క వాడతారు. అది మెత్తన, పొర సన్నం, ఉక్కుకు హాని చేయదు. మనకు దొరికేవాటిలో ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు మంచిది. కొండపల్లి బొమ్మల పొణికి ఇంకా సులువుగా తెగుతుంది గానీ, కత్తి జారకుండా ఒరకు అడ్డంగా పెట్టే మేకు రంధ్రం త్వరగా అరిగిపోతుంది. వగరెక్కువున్న తుమ్మ చెక్క వద్దు, తేమ తగిలితే ఉక్కును నల్లబరుస్తుంది.

అతకడానికి అన్నం మెతుకులను పలక మీద పలుకు లేకుండా నూరిన జిగురు వాడండి. కత్తుల ఒరలను జపాన్‌లో దాంతోనే అతికేవాళ్లు, ఎప్పుడైనా విప్పి శుభ్రం చేసుకునే వీలుంటుందని. ఫెవికాల్ గట్టిదే, కానీ లోపల తుప్పు పట్టినా ఆ ఒర ఇక తెరుచుకోదు. అన్నం జిగురు తడికి ఊడుతుంది కాబట్టి ఒరను కడగొద్దు, తుడిచి ఆరిన కత్తినే అందులో పెట్టండి. జారకుండా అడ్డంగా ఒక వెదురు మేకు చాలు.