థార్‌కి నీళ్ల పని చేపిచ్చిన, పాలమూరు ఉస్తాద్ గ్యారేజ్ ఎట్లుందంటే

మాది కల్వకుర్తి దాటినంక దుందుభి వాగు అవతలి ఊరు. వాగు జోరుగ వచ్చిందంటే రఘుపతిపేట కాడ రాకపోకలు బంద్ అయితయి, అది అందరికి తెలిసిందే. నా అసలు తిప్పల దానితోని కాదు, మా చెలకకు పోయే బాటతోని. పైన కుంట మత్తడి దుంకితే ఆ బాట గుంతల పది పదిహేను రోజులు నీళ్లు నిలవడతయి, ఒకపారి మోకాళ్ల లోతు, ఒకపారి తొడల దాకా. పత్తి ఏరే టైముకు కూలోళ్లను తీస్కపోవాలె, మందు బస్తాలు తీస్కపోవాలె, ట్రాక్టర్ ఎప్పుడు దొరుకుతది? అందుకే మహీంద్రా థార్ జీపు కొన్న, 2021 మోడల్ డీజిల్, దానికి నీళ్లల్ల దిగే పని చేపిచ్చిన. రెండు సార్లు చేపిచ్చిన. మొదటిసారి చెడిపోయింది, రెండోసారి మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల పోయే రోడ్డు మీద అందరు ఉస్తాద్ గ్యారేజ్ అనే షాపుల. ఈ రివ్యూ ఆ రెండో షాపు గురించి, గని మొదటి కథ చెప్పకపోతే దీని విలువ తెల్వది.

మొదటి షాపు వేరే ఊర్ల ఉంది. స్నార్కెల్ కిట్, అంటే ఇంజన్ గాలి పీల్చే మూతిని పైకి ఎత్తే పైపు, నేనే తీస్కపోయిన, వాళ్లు ఫెండర్‌కి రంధ్రం కొట్టి పైపు బిగిచ్చి మధ్యాహ్నం కల్లా బండి ఇచ్చేసిండ్రు. చూడనీకె మస్తుగుంది, ఊర్ల పిలగాండ్లు ఫోటోలు కూడ దిగిండ్రు. ఆ ఏడు మా బాటల నీళ్లల్ల నాలుగైదు సార్లు తిప్పిన, ఇంజన్‌కి ఏం కాలే, నేను ఖుషీ. రెండు నెలలైనంక వెనక నుంచి ఒక సన్న కూత మొదలైంది, అరవై స్పీడు దాటితే ఊఁ అని ఒకటే సప్పుడు. టైర్ల సప్పుడేమో అని పట్టించుకోలే, అదే నేను చేసిన తప్పు. మా బామ్మర్ది చెప్తే ఉస్తాద్ కాడికి పోయిన.

ఉస్తాద్ ఇంజన్ దిక్కు చూడనే లేదు. బండి కిందికి దూరి వెనక డిఫరెన్షియల్, అంటే వెనక చక్రాల నడుమ గేర్లుండే డబ్బా, దాని నట్టు ఇప్పిండు. తేనె రంగుల రావాల్సిన గేర్ ఆయిల్ అచ్చం పాలు ఎక్కువైన చాయ్ లెక్క వచ్చింది, తెల్లగ, చిక్కగ, నురుగుతోని. నా చెయ్యి పట్టుకొని రెండు వేళ్ల మీద ఆ ఆయిల్ పోసి రుద్ది చూడు తమ్మీ అన్నడు, జిడ్డే లేదు, సబ్బు నీళ్ల లెక్క జారిపోయింది. "ముక్కు పైకి పెట్టిండ్రు, ముడ్డి నీళ్లల్ల ఇడిసిండ్రు" అన్నడు. మాట మోటుగున్నా అంతకంటె మంచిగ ఎవ్వరు చెప్పలేరు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనకాడికి రాస్త, ఎందుకంటే స్నార్కెల్ పెట్టిచ్చుకునేటోళ్లల్ల పదిల తొమ్మిది మందికి ఈ సంగతి తెల్వది. డిఫరెన్షియల్, గేర్‌బాక్స్, ముంగటి వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, వీటన్నిటికి లోపలి గాలి వచ్చి పోనీకె ఒక్కొక్క చిన్న బ్రీదర్ ఉంటది. రోడ్డు మీద ఉరికొచ్చినంక లోపల ఆయిల్ కాగి ఉంటది, గాలి కూడ వేడెక్కి ఉంటది. ఆ వేడి మీద సీదా చల్ల నీళ్లల్ల దిగినవనుకో, లోపలి గాలి ఒక్కసారి కుంచించుకుపోయి పీల్చుకునుడు మొదలు పెడతది, బ్రీదర్ మూతి నీళ్లల్ల ఉంటే నీళ్లే పీలుస్తది, బ్రీదర్ జామ్ అయి ఉంటే ఆయిల్ సీళ్ల సందుల నుంచి గుంజుకుంటది. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగ్‌ను కాపాడలేదు. నా బండిల అయింది అదే, ఒక బేరింగ్ పోయింది. మళ్లా ఇది ఆ రోజే తెలిసే రోగం కాదు, నెల రెండు నెలలకు బయట పడతది, అప్పటికి మనం నీళ్ల సంగతే మర్చిపోతం.

మందం ఉన్న రబ్బరు పైపులు తీస్కొని అన్ని బ్రీదర్లను పైకి గుంజి, బానెట్ లోపల ఫైర్‌వాల్ కాడ, అంటే ఇంజన్‌కు మనం కూసునే జాగకు నడుమ ఉండే రేకు గోడ కాడ, ఎత్తుల క్లిప్పులేసి కట్టిండు. పైపు ఎక్కడ మడత పడకుండ, సైలెన్సర్‌కు తగలకుండ, సస్పెన్షన్ కిందికి పైకి ఆడితే గుంజుకపోకుండ జర లూజు ఇడిసిండు. ఈ ఒక్క పనికే రోజు పట్టింది. బయటికెళ్లి చూస్తే ఏం కనపడదు, నేను పైసలు ఇచ్చింది మాత్రం దానికే అనుకుంటున్న.

ఇగ స్నార్కెల్ సంగతి. ఇంజన్ ఐడిలింగ్‌ల పెట్టి, స్నార్కెల్ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టిండు. ఇంజన్ సప్పుడు ఇసుమంత కూడ మారలే. నేను మంచిదే కదా అనుకున్న. ఆయన తల ఊపి, "పైన మూసినా నడుస్తున్నదంటే కింద ఎక్కడనో తాగుతున్నది" అన్నడు. అప్పుడు నా గుండె జారిపోయింది, ఎందుకంటే నేను ఆ బండిల మా అమ్మను కూసోబెట్టుకొని నీళ్లు దాటిన. ఇప్పి చూస్తే ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రం అట్లనే తెరిచి ఉంది, ఫెండర్ లోపల పైపు అతికిన కాడ సీలెంటే లేదు, క్లాంపు మాత్రం బిగిచ్చి ఇడిసిండ్రు. నీళ్లు ఇంకో నాలుగు ఇంచులు పైకి వచ్చి ఉంటే ఇంజన్ తాగేది. గాలిని పిస్టన్ నొక్కుతది గని నీళ్లు నొక్కుడు పడవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతది, డీజిల్ ఇంజన్‌ల కంప్రెషన్ ఎక్కువ కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగ పడతది. అన్ని కీళ్లకు సీలెంట్ పెట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, పొద్దుగాల మళ్లా అరచెయ్యి పెట్టిండు. మూడు లెక్కపెట్టేలోపల ఇంజన్ గుడగుడ అని ఆగిపోయింది. మీరు ఎక్కడ పెట్టిచ్చుకున్నా సరే, ఈ అరచెయ్యి పరీక్ష మీ ముంగట చెయ్యమని అడుగున్రి, ఫిట్టింగ్ పైసలు ఆ తర్వాతే ఇయ్యున్రి.

వైరింగ్ సాకెట్లు ఇప్పి తుడిచి గ్రీజు పెట్టిండు, మామూలు గ్రీజు కాదు, కరెంటు సాకెట్లకు వాడే సిలికాన్ రకం. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు గ్రీజు కొట్టిండు.

మూడో రోజు సాయంత్రం టేపు తెచ్చి నేల నుంచి 65 సెంటీమీటర్లు కొలిచి, ముంగటి డోర్ మీద ఎర్ర టేపు అతికిచ్చిండు. కంపెనీ ఈ బండికి చెప్పే నీళ్ల లోతు 650 మిల్లీమీటర్లు, అంటే రెండడుగుల మీద ఒకటిన్నర ఇంచు. స్నార్కెల్ పెట్టినం కదా ఇంకో అడుగు ఎక్కువ పోవచ్చా అని అడిగిన. ఒప్పుకోలే. స్నార్కెల్ పెరిగింది గని బండి బరువు పెరగలే కదా తమ్మీ, నీళ్లు లోపలికి రాకముందే బండి తేలుతది అన్నడు. ఇంటికొచ్చి లెక్క చేసిన. బండి పొడవు 3985 మిల్లీమీటర్లు, వెడల్పు 1820. చక్రాల గుంతలు అవీ ఇవీ తీసేసినా, ఫ్లోర్‌కి నీళ్లు తగిలినంక ప్రతి 10 సెంటీమీటర్లకు సుమారు అర టన్ను బరువు నీళ్లు ఎత్తుతయి. బండి మొత్తం రెండు టన్నులు కూడ లేదు. టైర్లకు నేల మీద పట్టు ఎంత మిగులుతది మీరే చూస్కోన్రి.

డెలివరీకి ముందు దగ్గర్ల ఒక కుంట కాడికి తీస్కపోయి దించి చూపిచ్చిండు. కట్టె పట్టుకొని తాను ముందుగాల నడిచిండు, అడుగు గట్టిగుందా బురదనా చూసినంకనే బండి. ఇంజన్, డిఫరెన్షియల్ చల్లారనీకె అరగంట ఆగినం. ఫోర్ లో (నాలుగు చక్రాలకు బలం పోయే తక్కువ స్పీడు గేరు), మొదటి గేరు, మనిషి నడిచే స్పీడు. బండి ముంగట ఒక చిన్న అల లేస్తది, దాన్ని దాటిపోకుండ, వెనక పడకుండ దానితోని పోవాలె, అట్ల పోతే బానెట్ కింద నీళ్లు తగ్గి ఉంటయి. నడిమిట్ల క్లచ్ తొక్కొద్దు, గేరు మార్చొద్దు. ఒకవేళ నీళ్లల్ల ఆగిపోతే మళ్లా సెల్ఫ్ కొట్టొద్దు, తాడేసి బయటికి గుంజుకోవాలె. ఇంజన్ లోపలికి నీళ్లు పోయినంక సెల్ఫ్ కొట్టి ఇంజన్ చెడగొట్టుకుంటే మామూలు ఇన్సూరెన్స్‌ల పైసలు రావుడు కష్టం, ఇంజన్ ప్రొటెక్షన్ అని వేరే తీస్కోవాలె, స్నార్కెల్ పెట్టిన సంగతి కూడ కంపెనీకి చెప్పి పెట్టుకోవాలె. బయటికొచ్చినంక బ్రేకు మెల్లగ ఒత్తుకుంట కొంత దూరం పోవాలె, వెనక డ్రమ్ములల్ల బురద చిక్కుతది.

నచ్చనివి కూడ చెప్పాలె. ఒక్క రోజు అని మూడు రోజులు చేసిండు. కూసోనీకె జాగ లేదు, రోడ్డు మీద దుమ్ములనే నిలబడాలె. ఫెండర్ కోసిన అంచుకు తుప్పు పట్టకుండ రంగు కొట్టుడు నేను గుర్తు చేస్తేనే కొట్టిండు, అడగకపోతే అట్లనే ఇచ్చేటోడేమో. బిల్లు చిట్టీ మీద రాసిచ్చిండు. బేరింగ్, ఆయిళ్లు, పైపులు, కూలి అంతా కలిసి 14,600 అయింది, స్నార్కెల్ నాదే. రేటు నాకు ఎక్కువ అనిపియ్యలే.

మొన్న వానలకు వాగు కాడికి పోయేసరికి కాజ్‌వే మీద నీళ్లు మోకాళ్ల కిందికే ఉన్నయి, గని పారుతున్నయి, ఎర్రగ, కట్టెలు కొట్టుకపోతున్నయి. నా డోర్ మీద ఎర్ర టేపుకు చానా కింద. అవతలి ఒడ్డు నుంచి నాయిన ఫోన్ చేసిండు, "రాకు బిడ్డా, బువ్వ ఆడనే ఎవరింట్లనన్న తిను, పొద్దుగాల చూద్దాం" అని. ఉస్తాద్ కూడ ఇదే చెప్పి పంపిండు, నేను చేసింది నిలిచిన నీళ్లకు, పారే నీళ్లకు కాదు అని. అడుగు లోతు పారే నీళ్లకే చిన్న కార్లు లేస్తయి, రెండడుగులకు పెద్ద బండ్లు కూడ కొట్టుకపోతయి, కాజ్‌వే నడుమ తెగిందా లేదా పైనుంచి కనపడదు. బండి తిప్పుకొని కల్వకుర్తిల చుట్టాలింట్ల పండుకున్న.

ఈ సీజన్‌ల చెలక బాట నీళ్లల్ల ఆరు సార్లు పోయొచ్చిన, పోయిన వారం వెనక ఆయిల్ ఇప్పి చూపిచ్చిన, తేనె రంగులనే ఉంది. పత్తి అయిపోయినంక నాయిన బొలెరోను కూడ ఉస్తాద్ కాడికి తీస్కపోవాలె, దానికి స్నార్కెల్ అక్కర లేదు, బ్రీదర్ పైపులు చాలని ఆయన అన్నడు. దానికెంత అయితదో అప్పుడు ఇక్కడనే రాస్త.